సిస్టరమ్మకు చల్లగా పెట్టలేకపోయాం

మట్టెవాడ, 1964

దవాఖానలో నా కాన్పు చేసిన సిస్టరమ్మకు నమస్కారం.

ఇటలీ నుంచి మీ అమ్మ పంపిన గొట్టాల సేమ్యాను మీరు చెప్పినట్టే ఉడికించి, టమాటాలు, నిమ్మరసం, నూనె కలిపి, గిన్నెను చన్నీళ్ళలో పెట్టి చల్లార్చాను. తీరా మా ఇంట్లో మీకు వడ్డించేటప్పుడు మా అత్తమ్మ, "పురుడు వోసిన తల్లికి సల్లారింది పెడ్తవానే?" అని పొయ్యి మీద పెట్టి, ఎండుమిరపకాయల పోపు వేసింది. నేను అదే తెచ్చి మీకు వడ్డించాను. మీరు అంతా తిన్నారు. కన్నీళ్ళెందుకని అడిగితే కారమన్నారు.

అది మీ అమ్మ చనిపోయే ముందు పంపిన చివరి పొట్లమని నిన్న దవాఖాన ఆయా చెప్పింది. అది విన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆదివారం రండి. మన సేమ్యాతోనే చేస్తాను. అత్తమ్మకు అంతా చెప్పాను. తను విసనకర్ర వెతుక్కుని, "ఈసారి నేనే సల్లార్చి పెడ్త" అంది.

మీ చేతుల్లో పుట్టిన బాబు తల్లి