శుక్రవారం సాయంత్రం ఇచ్చిన కవరు

కామాఠీపురా, పదకొండో గల్లీ,
బొంబాయి.
21 సెప్టెంబరు 1986, ఆదివారం.

చిరంజీవి రత్నకు నాయిన దీవెనలు.

ఇక్కడ అవ్వ, అమ్మ, నేను బాగున్నాం. నువ్వు కూడా వేళకు తిని, కంటినిండా నిద్రపోతూ బాగుండాలని మా కోరిక.

ముందుగా ఒక మాట. నీ ఎం.ఫిల్ గ్రంథం నెలాఖరుకు బైండింగుకు పోతుందని రాశావు. నువ్వు మార్చి రాసిన మూడో అధ్యాయాన్ని ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు టైపుకు ఇవ్వకు. ఇచ్చి ఉంటే వెనక్కి తెప్పించు. కారణం కింద రాస్తాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. డాక్టరు మెట్లు ఎక్కడం తగ్గించమన్నాడు. మూడో అంతస్తులో ఉండేవాళ్లు ఆ పని ఎలా చేయాలో చెప్పలేదు. నీళ్లు పొద్దున నాలుగున్నరకు వచ్చి ఐదుంబావుకు పోతున్నాయి. నీ పరుపు మీద ఇప్పుడు అవ్వ పడుకుంటోంది. ఇంకెవర్నీ కూర్చోనివ్వడం లేదు.

యూదులు నిప్పు ముట్టని శనివారాలు పెణ్‌కర్ కాకా, లేయాబాయి కాకూల ఇంట్లో పొయ్యి ముట్టించమని వాళ్లు అడిగేవాళ్లా, అవ్వే ముట్టించేదా అని అడిగావు. అవ్వ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“ఆళ్లు ఎన్నడు అడగలే బిడ్డా. అడగొద్దంట గూడ, ఆళ్ల దేవుని కట్టడి. నేనే పోయేదాన్ని. ‘లేయా, నాకు చాయ్ తాగబుద్ధయితుంది, నా కోసమే పొయ్యి ముట్టిచ్చుకుంటున్న’ అని గట్టిగ జెప్పి ముట్టిచ్చేదాన్ని. నాది ఒక్క కప్పు. మిగిలింది ఆళ్లు తాగేటోళ్లు. ఎన్నడు జూసినా ఐదు కప్పులు మిగిలేది!”

చెప్పి చాలాసేపు నవ్వింది. నీ అధ్యాయంలో ఇది పనికొస్తుందనుకుంటాను.

నీ మొదటి రెండు అధ్యాయాలు నాలుగుసార్లు చదివాను. యూదుల గుడి ఉన్న రోజుల్లో గొర్రెపిల్లను, తొలిపంట గింజలను, నూనెను తీసుకుని ఏడాదికి మూడుసార్లు యెరూషలేం కొండెక్కిన జనం గురించి రాశావు. రోమన్లు ఆ గుడిని తగలబెట్టాక బలులు ఆగిపోయి, ఇంట్లో భోజనం చేసే బల్లే బలిపీఠంగా మారిన తీరు రాశావు. పూజారి చేసే పనిలో కొంత ఇంటి ఇల్లాలి దీపానికి, కొంత పదిమంది మగవాళ్లు కలిసి చేసే ప్రార్థనకు ఎలా వచ్చిందో రాశావు. కొంకణ తీరంలో గానుగ ఆడించిన కాకా పూర్వీకులు శనివారం ఎద్దును కూడా కాడి విప్పి వదిలేవారని, అందుకే ఊరివాళ్లు వాళ్లను శనివార్ తేలీ, అంటే శనివారపు గానుగవాళ్లు, అన్నారని రాశావు. బాగా రాశావు. నాకు బాగుందనిపించిన ప్రతిచోటా పేజీ అడుగున “కాకా చెప్పింది” అని ఉంది.

నిన్ను ఆ ఇంటికి మొదట తీసుకుపోయింది నేనే. 1979లో నాగ్‌పాడా చుట్టుపక్కల యూదుల ఇళ్లు ఖాళీ అవుతున్నాయని మా పేపరుకు ఒక వార్త రాయాల్సి వచ్చింది. పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు ఏరి సర్దే పనిచేసి రిటైరైన రహమీం పెణ్‌కర్‌ను కలవమని అవ్వే చెప్పింది. నీకు పదహారేళ్లు. సెలవులు కాబట్టి వెంట వచ్చావు. ఓడ పగిలి ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకు చేరారని, పుస్తకాలన్నీ సముద్రంలో పోయాయని, ఒక్క ప్రార్థన మాత్రం గుర్తుండిపోయిందని ఆయన చెప్పాడు. ఎప్పుడని అడిగాను. రెండువేల ఏళ్ల కిందట అన్నాడు. కాయితం ఏమైనా ఉందా అని అడిగాను.

“కాయితం లేదు శంకర్రావ్. శనివారం ఉంది,” అన్నాడు.

నేను నోట్‌బుక్ మూశాను. నువ్వు అమ్మ కూరగాయల చీటీ వెనక రాసుకోవడం మొదలుపెట్టావు.

అంతకు రెండేళ్ల ముందు, మన వాళ్లు పాలమూరు నుంచి ఈ ఊరికి ఎప్పుడొచ్చారని నువ్వు నన్ను అడిగావు. మీ ముత్తాత రాళ్లు మోశాడు, కాయితం ఏదీ లేదు, రాయడానికేం లేదు అన్నాను. నువ్వు మళ్లీ అడగలేదు. ఆయన దగ్గరా కాయితం లేదు. అయినా నువ్వు ఏడేళ్లు ఆయన దగ్గరికే పోయావు. శుక్రవారం దీపం పెట్టే వేళకు వాళ్లింట్లో ఉండేదానివి. పుణె పోయాక జూన్ నెలలో నువ్వు రాసిన ఉత్తరంలో కాకా పేరు పద్నాలుగుసార్లు ఉంది. నాయిన అని రెండుసార్లు ఉంది, ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో. లెక్కపెట్టాను. పేపర్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తూ ఇంత పనికిమాలిన లెక్క ఎన్నడూ పెట్టలేదు.

ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు అవ్వ నా మొహం చూసింది.

“ఏందిరా, బిడ్డ ఉత్తరం రాస్తె మొకం గట్ల వెట్టినవ్? ఆళ్ల పొయ్యి నేను ముట్టిచ్చిన, ఎరుకే. నీ కడుపుల పొయ్యి ఎవరు ముట్టిచ్చిన్రు?”

“ఏం లేదవ్వా,” అన్నాను.

“ఏం లేకుంటె పొగెందుకొస్తుందిరా?”

అమ్మ వంటగదిలోంచి నవ్వింది. నేను చొక్కా వేసుకుని బయటికి పోయాను.

ఇక నీ కిందటి ఉత్తరం సంగతి. ఆగస్టులో స్కాలర్‌షిప్ చేజారినప్పటి నుంచి నీ మనసులో ఉన్నదంతా అందులో రాశావు. కాకా శనివారమని ఒక్క సంతకం ఆపి నీ ఏడాదిని పోగొట్టాడన్నావు. వాళ్ల నియమం మొదటి నుంచీ మనిషి మీద కనికరం లేనిదని మూడో అధ్యాయం తిరగరాశానన్నావు. మొదటి పేజీలోని అంకితంలో ఆయన పేరు తీసేశానన్నావు. చివర్లో, “నువ్వొక్కడివే నమ్మదగ్గవాడివి నాయినా, ఇకనుంచి ప్రతి పేజీ ముందు నీకే పంపుతా,” అని రాశావు.

ఆ చివరి వాక్యం ఆఫీసులో చదివాను. మళ్లీ మళ్లీ చదివాను. ఆ రోజు బల్లల దగ్గరున్న వాళ్లందరికీ చాయ్ తెప్పించాను. ఏం విశేషమని అడిగితే మా అమ్మాయి ఉత్తరం రాసిందన్నాను. అంత సంతోషపడ్డాను.

ఆగస్టులో నీకు నేను రాసిన కార్డు గుర్తుందా? “కవరు కాకాకు ఇచ్చాను. ఆయన శనివారం సాయంత్రం సంతకం పెట్టాడు.” రెండు వాక్యాలూ నిజం. ఎప్పుడు ఇచ్చానో రాయలేదు. కొత్తగా చేరిన విలేకరి అలాంటి వార్త తెస్తే నేనే వెనక్కి పంపుతాను. ఇప్పుడు తేదీలతో రాస్తున్నాను.

ఆగస్టు ఆరు, బుధవారం. నీ కవరు మా ఆఫీసుకు అందింది. కాకా సంతకం పెట్టిన ఫారం శనివారం ఐదింటిలోగా పుణెలో ట్రస్టు వాళ్లకు చేరాలని, కవరును అదే రోజు ఆయనకు ఇమ్మని లోపల చీటీ పెట్టావు. ఫారం చదివాను. తండ్రి అన్నచోట నా పేరుంది. ఫారం అడిగింది కాబట్టి రాశావు. దారి చూపినవారు అన్నచోట ఆయన పేరుంది. అది నీ ఇష్టంతో రాశావు. కవరును సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఏడు, గురువారం. కోర్టులో పని పదకొండింటికే అయిపోయింది. ఇంటికి నాగ్‌పాడా మీదుగానే నడిచి వచ్చాను. కవరు సొరుగులోనే ఉంది.

ఎనిమిది, శుక్రవారం. ఆ రోజు సూర్యాస్తమయం ఏడు గంటల పదకొండు నిమిషాలకని మా పేపర్లోనే వేశాం. ఏడింటికి ఫోరస్ రోడ్డు మూల మీద పాన్ దుకాణం దగ్గర నిలబడ్డాను. ఏడూ ఇరవైకి వాళ్ల తలుపు తట్టాను. దీపం వెలిగించి ఉంది. దీపం పెట్టాక మర్నాడు చుక్కలు పొడిచే వరకు ఆయన కలం ముట్టడని నాకు తెలుసు. తెలుసు కాబట్టే అప్పుడు పోయాను.

“ఎప్పుడొచ్చింది ఇది?” అని అడిగాడు.

“ఇప్పుడే,” అన్నాను.

ఆయన కవరును అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టాడు. రేపు సాయంత్రం రమ్మన్నాడు. శనివారం సాయంత్రం సంతకమైన ఫారం తెచ్చుకుని ఆదివారం మనిషి చేత నీకు పంపాను. సోమవారం ట్రస్టు వాళ్లు తీసుకోలేదు. నీ స్కాలర్‌షిప్ పోగొట్టింది నేను రత్నా. శనివారం కాదు, ఆయనా కాదు.

ఆలస్యం చేశాను తప్ప చింపలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ చిన్న ఆలస్యంతో నీకు ఆయన మీద కొంచెం విసుగు వస్తే చాలనుకున్నాను. నువ్వు దాన్ని గ్రంథంలోకి ఎక్కిస్తావని అనుకోలేదు.

నీ ఉత్తరం వినిపించినప్పుడు అవ్వ ఒప్పుకోలేదు. “ఆ ముసలాయన గట్ల చేసెటోడు గాదు. పోయి అడుగు,” అంది. రోజూ అదే మాట. చివరికి ఈ పొద్దున పోయాను.

తలుపు లేయాబాయి కాకూ తీసింది. అవ్వ దగ్గర నేర్చుకున్న మన తెలుగులోనే మాట్లాడింది.

“రా శంకర్, కూసో. ఇగో, మీ పోరి కార్డు. సదువు.”

ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టనని నువ్వు రాసిన కార్డది. చదివి ఆమెకు ఇచ్చాను.

“ఆయన నలభై ఏండ్లు టపా ముద్రలే సూసిండు,” అంది. “నువ్వు కవరు చేతుల వెట్టంగనె సూసిండు. ఆరో తారీకు బొంబాయి ముద్ర. నాకు గూడ మూడు దినాలైనంక జెప్పిండు. పోరికి రాస్తనంటె వద్దన్నడు. శనివారం దినమంత గ్యాలరీలనే నిలవడ్డడు, ఎరుకేనా నీకు? అంత మబ్బు. మూడు సుక్కలు గానస్తె గద కలం పట్టాలె! జేవణ్ గూడ చెయ్యలే. ఒక్క ముద్ద తినలే.”

“లేయా, బస్,” అన్నాడు కాకా లోపలినుంచి వస్తూ. ఆయన మరాఠీలో అన్నవి తెలుగులో రాస్తున్నాను.

నీకెందుకు చెప్పలేదని అడిగాను. “బిడ్డకు తండ్రి తప్పు చెప్పడం నా పని కాదు,” అన్నాడు.

నన్ను క్షమించమన్నాను. ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు.

“నా వంతు ఎప్పుడో వదిలేశాను. పిల్ల వంతు నా దగ్గర లేదు. మా పాతవాళ్ల కట్టడి ఒకటుంది శంకర్రావ్. మనిషికి చేసిన తప్పును దేవుడు మాఫీ చేయడు. ముందు ఆ మనిషి దగ్గరికి పోయి అడగాలి. మా కొత్త సంవత్సరానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆలోపు అడిగేస్తాం. మీవాళ్లూ వాడుకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు.”

నవ్వలేకపోయాను. నువ్వు తిరగరాసిన అధ్యాయం సంగతి చెప్పాను. అప్పుడు మాత్రం ఆయన మొహం మారింది.

“ప్రాణం మీదికి వస్తే శనివారం పక్కకు జరగాలని మావాళ్లు రెండువేల ఏళ్ల కిందటే తేల్చారు. ఆ పేజీ రత్న దగ్గర ఉంది. నేను చెబుతుంటే రాసుకుంది. ఆ కవరు ప్రాణం సంగతైతే ఆ సాయంత్రమే సంతకం పెట్టేవాడిని. నా మీద కోపం ఉంటే ఉండనీ. మొదటి పేజీలో నా పేరు లేకపోయినా పరవాలేదు. ఆ పేజీ మాత్రం తీయొద్దని చెప్పు.”

నేను నీ మొదటి పేజీ కోసం ఇదంతా చేశాను. ఆయన నీ పుస్తకంలో ఉన్నది నిజమో కాదో చూశాడు. ఇంటికి వస్తూ ఫాక్‌లాండ్ రోడ్డు దాకా ఆ తేడానే ఆలోచించాను. నువ్వు ఆయన దగ్గరికి ఎందుకు పోయావో నాకు అర్థమైంది. అర్థమయ్యాక అసూయ పోలేదు, ఇంకా పెరిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం ట్రస్టు కార్యదర్శికి ఉత్తరం రాశాను. ఏ తేదీన ఏం జరిగిందో రాసి, ఆలస్యం నాదని సంతకం పెట్టాను. వాళ్లు ఏమంటారో తెలియదు. వాళ్లు మళ్లీ చూడకపోతే ఆ నష్టం నావల్ల వచ్చిందే. మూడో అధ్యాయం పాతదే ఉంచు. కొత్తగా రాసిన దానికి ఆధారం నేను, నేను చెప్పింది సగమే. మొదటి పేజీ గురించి నేను ఏమీ చెప్పను. అది చెప్పే హక్కు పోగొట్టుకున్నాను.

అమ్మకు, అవ్వకు ఈ ఉత్తరం చదివి వినిపించాను. అవ్వ, “గిప్పుడన్న రాసినవ్,” అంది.

ఇది అందగానే నువ్వు ఒక్క ఉత్తరమే రాయగలిగితే అది ఆయనకు రాయి. ఈ వాక్యం ఇందాక రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను. ఆయనకే ముందు రాయి. నన్ను ఏమన్నా అనాలనిపిస్తే దాని తర్వాత రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం రెండోవాడిగా ఎదురుచూసే
నాయిన
శంకర్రావు