బల్బు మార్చేముందు

అమ్మకు దండాలు. మౌలాలిలో మేం బాగానే ఉన్నాం, మా కారు చూపే కాస్త మందగించింది.

చీకటి పడితే రోడ్డు మీద గుంతలు కనపడటం లేదని దసరా అయినప్పటి నుంచి నీ అల్లుడు ఒకటే గొణుగుడు. నిన్న ఎక్కువ వెలుగిచ్చే బల్బులు వేయిద్దామని కార్ఖానా ఏరియాలో ఒక దుకాణానికి తీసుకెళ్లాడు. తెల్లవి మంచివా, పచ్చవి మంచివా అని తనూ దుకాణదారూ వాదించుకుంటుంటే, నిలబడలేక నేను లైటు అద్దాన్ని గోరుతో గీకాను. పండగనాడు నూనెలో కలిపి నువ్వు మెత్తిన పసుపు, వేడికి అట్టకట్టి పెచ్చులుగా రాలింది. వానకు పోవాలె గాని చేత్తో తుడవొద్దన్నావు గదా, కారు కడిగినప్పుడల్లా నీ అల్లుడు దాన్ని తాకకుండా వదిలేశాడట!

దుకాణదారు నవ్వి, "గిట్ల పేరుకుంటే ఏ బల్బేసినా గంతేనమ్మా, జెర తుడువుండ్రి" అన్నాడు. తుడిస్తే పాత బల్బులే బ్రహ్మాండంగా వెలిగాయి. వచ్చే దసరాకు పసుపు బానెట్ మీద పెట్టు.

అన్నట్టు, కుట్టుమిషన్ మీదికి ఇంకా పెద్ద బల్బు పంపమన్నావు. ఉన్నది చిన్నదేం కాదే! సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారు? ఫోన్లో అడిగితే "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంటావు. అందుకే కార్డు రాస్తున్నాను. ఇది నువ్వే చదువుకుంటే బల్బు పంపిస్తా. చెల్లె చదివి వినిపిస్తే మాత్రం, ఇద్దరూ జనగామలో బస్సెక్కి రండి. మెట్టుగూడలో కళ్ల డాక్టరుకు చూపిద్దాం. నాన్నను అడిగానని చెప్పు.

నీ సుకన్య

కల్పలతా, ఇంతదాకా చదివి వినిపించావంటే టికెట్లు తీసుకో.