రికార్డింగులో రెండో గొంతు

ఉట్నూర్ ఫీల్డ్ క్యాంపు,
14 నవంబర్ 2024.

గౌరవనీయులైన షాహిదా మేడం గారికి,

మీ శిష్యుడు బెన్నీ వంగి వంగి నమస్కరించి రాయునది. ఇంగ్లిష్ ప్రాజెక్టు గురించిన ఉత్తరాన్ని తెలుగులో రాస్తున్నందుకు నా తరఫున, ఎంఎస్‌డబ్ల్యూ రెండో సంవత్సరం తరఫున, వీలైతే కరీంనగర్ బస్టాండు తరఫున కూడా క్షమాపణలు. ఇంగ్లిష్‌లో రాస్తే మీరు ఎర్రపెన్ను తీస్తారు, విషయం చదవరు.

ఇక్కడ అందరం క్షేమం, పప్పు తప్ప.

విషయం షారోన్ గురించి. గూడెం గర్భిణులు ఆస్పత్రికి ఎందుకు పోవడం లేదో కనుక్కుని, రోజూ ఇంగ్లిష్‌లో చెప్పి రికార్డు పంపమన్నారు మీరు. క్లాసులో నోరు విప్పని షారోన్ గడగడా చెప్పి పంపింది. వెనక ఇంకో గొంతు ఉందని, ఎవరో అందిస్తున్నారని, కొత్త నంబరు నుంచి మీకు మెసేజ్ వచ్చింది. మీరూ విని, వచ్చే శనివారం ఆదిలాబాద్ సంస్థవాళ్ల ముందు మాట్లాడే అవకాశం ఆమె నుంచి తీసేసి నాకిచ్చారు. బాగా చెప్పినవాళ్లకు అక్కడే ఉద్యోగం. షారోన్ రేపు కాలేజీకి వచ్చి, ప్రాజెక్టే మానేస్తానని మీకు చెబుతుందట.

నేను గూఢచారి అవతారం ఎత్తాను. మా క్లాసువాళ్లలో మొదట అతీక్‌ను అనుమానించాను. ఇంగ్లిష్ వార్తలు చూస్తాడు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తర్వాత సంపత్‌ను, ఫోన్ పట్టుకుని జీపు వెనక్కి పోతుంటాడు. తీరా వింటే మరదలితో, అదీ మరాఠీలో.

నిన్న సాయంత్రం షారోన్ వెనకాలే నక్కి నక్కి పోయాను. క్యాంపులో వంట చేసే మగ్దలేనమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. షారోన్ ఎదురుగా కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, గూడెం సంగతులన్నీ ఇంగ్లిష్‌లో చెబుతోంది. పేరు తీసేసినా రికార్డు మానలేదు. మగ్దలేనమ్మ కథ వింటున్నట్టు ఊ కొడుతోంది. రెండో గొంతు అదే.

ఏం అర్థమైందని ఆమెను అడిగాను.

"నాకేమెరుక బిడ్డా. ఊ కొట్టకుంటే పోరి ఆగిపోతది" అంది.

మరి క్లాసులో ఎందుకు మాట్లాడవని షారోన్‌ను అడిగాను.

"మీరు తప్పులు వట్టి నవ్వుతరు. గీ అవ్వ ఇంటది" అంది.

నా దగ్గర జోకులేవీ మిగల్లేదు.

కాబట్టి మేడం, రికార్డులు మళ్లీ వినండి. ఊ తప్ప ఇంకో మాట దొరికితే నన్ను ఫెయిల్ చేయండి. శనివారం షారోన్‌నే నిలబెట్టండి.

ఇట్లు,
మీ విధేయుడు (చాలావరకు),
బెన్నీ

తా.క.: ఆ కొత్త నంబరు మా బాపు పాత సిమ్. ఒకరోజు ఆమె ఫోన్‌లో రికార్డు విని, మెసేజ్ పెట్టింది నేనే. ఆమె పేరు పోతే తర్వాతి పేరు నాదేనని తెలిసే పెట్టాను. ఈ ఉత్తరం కవరు అంటించకుండా షారోన్ చేతికే ఇస్తున్నాను. బస్సులో చదవమని చెప్పి.