మిల్ లేన్ జాకెట్టు ముక్కలు

మిల్ లేన్, స్విండన్ దగ్గర
6 అక్టోబరు 2014

చిరంజీవి విద్యాసాగర్‌కి ఆశీస్సులు.

నేనెవరో నీకు తెలీదు. కౌన్సిల్ వాళ్ళ బ్రాడ్‌బ్యాండ్ కరపత్రం కింద నీ పేరు చూశాను. ఆ పేరున్నవాడు మనవాడు కాక ఇంకెవడవుతాడు? అందుకే తెలుగులో రాస్తున్నాను. మీ ఆఫీసుకి ఇంగ్లీషులో రాస్తే "మా వెబ్‌సైట్ చూడండి" అని జవాబొచ్చింది. వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదు మహాప్రభో అన్నదే నా ఫిర్యాదు.

నేను జాకెట్లు కుడతాను. వెంబ్లీ నుంచి గ్లాస్గో దాకా మన ఆడవాళ్ళు చీర పోస్టులో పంపుతారు, జాకెట్టు డిజైను ఫోటో ఈమెయిల్లో పంపుతారు. చీర మర్నాడే వస్తుంది. ఫోటో మాత్రం పైనుంచి మెల్లగా దిగుతూ మెడ దగ్గర ఆగిపోతుంది. మొన్న సుగుణ అనే ఆవిడ పంపిన ఫోటోలో చేతులు రాలేదు. కొత్త ఫ్యాషనేమో అనుకుని చేతుల్లేకుండానే కుట్టేశాను. పాపం, గృహప్రవేశమంతా శాలువా కప్పుకునే తిరిగిందట.

ఇప్పుడు గ్లాస్గోలో కళావతి కూతురు పూజిత పెళ్ళి, వచ్చే ఆగస్టులో. పెళ్ళి జాకెట్లన్నీ నాకే ఇస్తానంది. కానీ వీడియోలో కొలతలు చూడాలట. వేసవి మొదలయ్యేలోగా నా లైను బాగుపడకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తుందట. మా ఆయన రఘువీర్ "ఈ వయసులో ఎందుకు, మానెయ్" అంటున్నారు. నేను మానను. ఈ దేశంలో నా పేరు మీద ఉన్నది ఈ పని ఒక్కటే.

ఇట్లు,
పుష్పలీల ఆంటీ

తా.క.: మీ ఆవిడకి జాకెట్టు ముక్క పెట్టాను. పెళ్ళి కాకపోతే దాచుకో, వచ్చాక ఇద్దువుగాని.

---

కౌన్సిల్ కార్యాలయం
20 అక్టోబరు 2014

గౌరవనీయులైన పుష్పలీల గారికి నమస్కారాలు.

ఆఫీసు కంప్యూటర్లో తెలుగు లేదు కనక చేత్తో రాస్తున్నాను, దస్తూరీ క్షమించాలి.

మా మ్యాపులో మిల్ లేన్ పచ్చరంగులో ఉంది. పచ్చ అంటే ఇంటర్నెట్ బ్రహ్మాండంగా ఉన్నట్టు. ప్రభుత్వం కేబుల్ వేసేది ఎర్రగా ఉన్న వీధులకే. మీ లేన్ మొదట్లో గుర్రాలశాల పక్కనే ఇళ్ళకి లైన్లు పంచే టెలిఫోన్ పెట్టె ఉంది. అక్కడ వేగం బాగుంది కనక అదే పోస్ట్‌కోడ్‌లో ఉన్న మీకూ బాగున్నట్టే. మ్యాపు అబద్ధం చెప్పదు. రంగు మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణలో మీ వీధివాళ్ళంతా చెప్పాలి. అది ఆన్‌లైన్‌లో మాత్రమే జరుగుతుంది.

ఇక జాకెట్టు ముక్క. నేను బహుమతులు తీసుకోకూడదు. వచ్చినవాటిని కంప్యూటర్లో నమోదు చేయాలి. ఇచ్చిన సంస్థ పేరు రాయనిదే అది ముందుకు కదలదు. ప్యాకెట్ మీద "పుష్పలీల బ్లౌజెస్" అని ఉంది, అదే రాశాను. ఏ రంగం అని అడిగితే "వస్త్రాలు" అన్నాను.

భవదీయుడు,
విద్యాసాగర్, డిజిటల్ సౌకర్యాల అధికారి

తా.క.: నాకు పెళ్ళయింది. ఆవిడ పేరు స్నేహలత. ముక్క ఆఫీసు బీరువాలో ఉంది, తాళం మేనేజరు దగ్గరుంది. రంగు చాలా బాగుందని ఇంట్లో చెప్పి పొరపాటు చేశాను.

---

మిల్ లేన్
3 నవంబరు 2014

విద్యాసాగర్‌కి,

ఇల్లాలికి పెట్టిన జాకెట్టు ముక్కని తాళమేసి పెడతారా! అదేమన్నా దొంగసొమ్మా?

గుర్రాలకి ఇంటర్నెట్ వస్తోంది, మాకు రావట్లేదు. అవి ఏం చూస్తున్నాయో కాస్త కనుక్కో. ఇంటర్నెట్ లేదన్న సంగతి ఇంటర్నెట్లో చెప్పాలన్న మహానుభావుణ్ణి కూడా ఒకసారి చూపించు. మేం కాగితం మీదే చెబుతాం.

కార్తీకమాసం కదా, మొన్న మా లేన్ ఆడవాళ్ళందర్నీ పేరంటానికి పిలిచాను. మార్గరెట్‌కి పొలం ఉంది. ప్రభుత్వం పొలం లెక్కలు ఆన్‌లైన్‌లోనే తీసుకుంటుందట. ఆవిడ ఏటా గడువు రోజున ట్రాక్టరేసుకుని లైబ్రరీకి పరిగెడుతుంది. జీన్‌కి మోకాళ్ళ నొప్పులు. జీపీ, అదే ఇక్కడి డాక్టరు, అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, దానికి సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కాలి. గుట్ట ఎక్కగలిగితే జీపీ ఎందుకు?

అందరికీ పసుపు, కుంకుమ, శనగలు, జాకెట్టు ముక్కలు ఇచ్చాను. నువ్వు మన పిల్లాడివని, మంచివాడివని చెప్పాను. అందరూ నీకు రాస్తామన్నారు.

ఇట్లు,
పుష్పలీల ఆంటీ

తా.క.: శనగలు చేతిలో పెడితే మార్గరెట్ "ఎప్పుడు నాటాలి?" అని అడిగింది.

---

కౌన్సిల్ కార్యాలయం
24 నవంబరు 2014

పుష్పలీల ఆంటీకి,

దయచేసి ఆపండి!

మీ లేన్ ఉత్తరాలు అందాయి. ప్రతి కవరులోనూ ఒక జాకెట్టు ముక్క ఉంది, పసుపుతో సహా. అర్జీతోపాటు గుడ్డ పంపడం కౌన్సిల్ రూలనుకున్నట్టున్నారు. జీన్ గారైతే "నిర్ణీత వస్త్రం జతపరచడమైనది" అని కింద గీత గీసి మరీ రాశారు. అన్నీ నమోదు చేశాను. ప్యాకెట్లన్నింటి మీదా మీ లేబులే, చిరునామాలు మాత్రం వేరువేరు. బీరువా తలుపు మూసుకోవట్లేదు.

ఆడిట్ నుంచి కోలిన్ అనే ఆయన వచ్చి "మిల్ లేన్‌లో ఏముంది?" అని అడిగాడు. ఇళ్ళున్నాయి అంటే నమ్మలేదు. నా ఉద్యోగం మీదికి వచ్చేలా ఉంది.

ఇట్లు,
విద్యాసాగర్

తా.క.: గుర్రాలశాలకి ఫోన్ చేశాను. అక్కడ అసలు కంప్యూటరే లేదట.

---

మిల్ లేన్
1 డిసెంబరు 2014

నాయనా విద్యాసాగర్,

కంగారుపడకు. నీ ఉద్యోగం జోలికొస్తే నేనే వచ్చి మీ మేనేజరుతో మాట్లాడతాను. ముక్కలు పంపమని నేను వాళ్ళకి చెప్పలేదు. కానీ పంపినందుకు వాళ్ళని ఏమీ అనను. ఇన్నేళ్ళలో ఈ వీధి నా వెనక నిలబడటం ఇదే మొదటిసారి.

కళావతి ఫోన్ చేసింది. వెంబ్లీలో ఇంకో టైలర్‌ని మాట్లాడి ఉంచుకుందట. ఏడుపొచ్చింది, ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేముంది? తర్వాత మొహం కడుక్కుని మిషను ముందు కూర్చున్నాను. మీ మ్యాపు మారేదాకా లేవను. ఆ కోలిన్‌ని ఓసారి మా ఇంటికి పంపు, ఏముందో చూసుకుంటాడు.

ఇట్లు,
పుష్పలీల ఆంటీ

తా.క.: కోలిన్‌కి పెళ్ళయిందా?

---

కౌన్సిల్ కార్యాలయం
16 ఫిబ్రవరి 2015

పుష్పలీల ఆంటీకి నమస్కారాలు.

కూర్చుని చదవండి. మిల్ లేన్‌కి కేబుల్ మంజూరైంది.

నా మ్యాపు వల్ల కాదు. అందులో మీరింకా పచ్చగానే ఉన్నారు. ఆర్థికాభివృద్ధి విభాగానికి వేరే మ్యాపుంది. నేను నమోదు చేసిన బహుమతుల్లో ఒకే వీధి నుంచి ఇన్ని వస్త్రాలు రావడం చూసి, వాళ్ళ కంప్యూటరు మీ లేన్‌ని "వస్త్ర పరిశ్రమల వాడ"గా గుర్తించింది. వ్యాపారాలున్న చోటికి కేబుల్ ముందు వేస్తారు. అక్కడ ఉన్నది ఒక్క కుట్టుమిషనేనని నేనే రాశాను. "కంప్యూటరు అబద్ధం చెప్పదు" అని జవాబిచ్చారు. ఆ మాట నాకు ఎక్కడో విన్నట్టనిపించింది.

అయినా కోలిన్ మీ ఇంటికొచ్చి భోంచేసి, వీధంతా తిరిగి చూశాడు కదా. మీ జాకెట్లు, మార్గరెట్ పొలం, జీన్ అమ్మే తేనె, అన్నీ నిజమైన వ్యాపారాలేనని రాసిచ్చాడు. మ్యాపు గీసేవాళ్ళం మేమెవరం ఒక్కసారైనా వచ్చి చూడలేదు. ఏప్రిల్లో తవ్వకం మొదలవుతుంది.

ఇట్లు,
విద్యాసాగర్

తా.క.: ముక్కలన్నీ తిరిగి పంపుతున్నాను. స్నేహలతది మాత్రం "విలువ స్వల్పం" అని రాసి మేనేజరు నాకిచ్చేశాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

---

మిల్ లేన్
18 మే 2015

విద్యాసాగర్‌కి,

లైనొచ్చింది. పూజితని వీడియోలో నిలబెట్టి కొలతలు తీసుకున్నాను. రెండు చేతులూ కనిపించాయి! పెళ్ళి జాకెట్లన్నీ నావే. రఘువీర్ ఇప్పుడు దారానికి బొత్తాలకి బజారు తిరుగుతున్నారు.

అసలు సంగతి అది కాదు. నిన్న ఒకమ్మాయి జాకెట్టు ముక్క పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. కొలతలిచ్చాక బెరుగ్గా "ఆంటీ, మీ వైఫై ఓసారి వాడుకోవచ్చా? అమ్మ మొహం చూసి చాలా నెలలైంది" అంది. పేరడిగితే స్నేహలత అంది.

మీ ఇంట్లోనూ ఇంటర్నెట్ లేదటగా! మీ వీధి కూడా మ్యాపులో పచ్చగానే ఉందట. ఆ పచ్చరంగు వేసింది నువ్వేనట. రంగు తప్పని తెలిసి కూడా, సొంత ఇంటి కోసం మార్చుకున్నావంటారని నోరు మూసుకు కూర్చున్నావట. నీ నిజాయితీ బాగానే ఉంది నాయనా, కానీ వాళ్ళమ్మ ఫోన్లో కనబడగానే ఆ పిల్ల ఎలా ఏడ్చిందో నువ్వు చూడలేదు. నేను చూశాను.

నువ్వు అడగకు. నేనడుగుతాను. వచ్చే శుక్రవారం మీ ఇంట్లో పేరంటం పెట్టించాను. మీ వీధి ఆడవాళ్ళందర్నీ స్నేహలత పిలుస్తోంది. మార్గరెట్ ట్రాక్టరు మీద వస్తానంటోంది, జీన్ తేనె తెస్తోంది. నువ్వు తిప్పి పంపిన ముక్కలన్నీ పట్టుకొస్తున్నాను. ఆ బీరువా ఖాళీగా ఉంచమని మీ మేనేజరుకి చెప్పు.

ఇట్లు,
నీ ఆంటీ,
పుష్పలీల

తా.క.: ఇదంతా ఈమెయిల్లో రాసేదాన్నే. మీ ఇంటికి రాదుగా!