బొమ్మలో లేని కర్ర

మియాపూర్,
21 ఫిబ్రవరి 1999.

చిరంజీవి తమ్ముడు ఓదెలుకి,

అక్క బాలాత్రిపురసుందరి ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మా కాకినాడ వాళ్ళ అలవాటు. అందులో మొదటి సగం అబద్ధం అవుతుంది కాబట్టి రెండో సగమే రాస్తున్నాను. పెద్దపల్లిలో నువ్వూ మీ అమ్మగారూ క్షేమమని తలుస్తాను.

మూసాపేటలో నీ బోర్డుల దుకాణం దాకా వచ్చి, తాళం చూసి రెండుసార్లు తిరిగి వెళ్ళాను. పక్క టీకొట్టు ఆయన, ఓదెలన్న కోపమొచ్చి ఊరికి పోయిండమ్మా, ఇగ రాడట అన్నాడు. నీ కోపం నాకు కొత్తేం కాదు. గోరంతని కొండంత చేసుకునే మనిషివి. ఈసారి మాత్రం న్యాయం నీ వైపే ఉంది.

అసలు సంగతి రాస్తాను. పింకీ కాలు విరిగింది. పోలియో కాలు కాదు, మంచి కాలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు.

ఎలా జరిగిందో చెప్పాలంటే పుస్తకం దగ్గరికి వెళ్ళాలి. నీకు తెలిసిన కథే అయినా రాస్తాను, రాస్తే గానీ నాకు ఊపిరాడదు. మా ఇంట్లో పని చేసే పోచమ్మ కూతురు పింకీ గడప మీద కూర్చుని నా కథలు వినేది కదా. వాళ్ళ నాన్న సాయిలు, మాదాపూర్‌లో బండలు కొట్టే మనిషి, తుమ్మకొమ్మ చెక్కి దానికి చేతికర్ర చేసిచ్చాడు. బోర్డులకు వాడగా మిగిలిన రంగులతో నువ్వు దాని మీద ఎరుపూ పసుపూ పట్టీలు వేశావు. అప్పటి నుంచి పిల్ల ఆ కర్రని పక్కలో పెట్టుకునే పడుకునేది. మన పిల్లల పుస్తకం 'బండ మీద పింకీ' అక్కడే పుట్టింది. తోటిపిల్లలు ముందు దాన్ని వదిలేసి పోతారు, తర్వాత ఆగుతారు, చివరికి అందరూ కలిసి బండెక్కుతారు. పది పేజీలు, పది బొమ్మలు. దయా ధైర్యమూ నలుగురినీ కలుపుకుపోవడమూ అన్నీ అందులోనే చెప్పేశామని మురిసిపోయాం. బొమ్మ చెప్పింది మాట మళ్ళీ చెప్పొద్దక్కా అని నువ్వే నాకు నేర్పావు. అందుకే కర్ర అన్న మాట కథలో ఎక్కడా రాయలేదు. తర్వాత బొమ్మల్లోంచి కూడా తీసేసరికి పుస్తకంలో మొత్తానికే కర్ర లేకుండా పోయింది.

బొమ్మల మీద బటర్ పేపర్ కప్పి, దాని మీద దిద్దుబాట్లు రాసి ప్రెస్సుకి పంపుతారు కదా. వచ్చిన దిద్దుబాటు ప్రకారం ప్రెస్సువాళ్ళు నీ బొమ్మల మీదే రాతిరంగు పూసి కర్రని మాయం చేశారు. తమ కొత్త ఆఫీసు ప్రారంభానికి పంచడానికి మన పుస్తకం అచ్చు వేయించే సాఫ్ట్‌వేర్ కంపెనీ పనే ఇదని నువ్వు వాళ్ళ ఆఫీసుకి పోయి, ఆ మేనేజరు వెంకట్‌ని నానా మాటలూ అని, వాచ్‌మన్ల చేత నెట్టించుకుని, అట్నుంచి అటే ఊరెళ్ళిపోయావు.

తర్వాత వారం కొత్త ఆఫీసు తెరిచి పుస్తకాలు పంచారు. పింకీని తీసుకెళ్ళాను. అద్దాల మేడ చూసి నోరు తెరిచింది. పుస్తకం చేతికి రాగానే పేజీలన్నీ తిప్పి తిప్పి వెతికింది. నా కట్టె ఏదమ్మా అని అడిగింది. బుక్కులో పింకీకి చాలా ధైర్యం, అందుకే కర్ర అక్కర్లేదు అన్నాను. నోటికొచ్చిన అబద్ధం, రచయిత్రిని కదా. ఇప్పుడు కథలో పింకీ అందరిలాగే చక్కగా నడుస్తుంది, మిగతా పిల్లలు ఎవరి కోసం ఆగారో చదివినవాళ్ళకి అర్థం కాదు. వెంకట్ మాత్రం, చాలా బాగుందాంటీ, ఫుల్ పాజిటివ్ అన్నాడు.

నాలుగో రోజు పింకీ కర్రని బండలు తీసిన గుంతలో పారేసింది. బుక్కుల పింకీకి లేదు, నాకెందుకు అందట. హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక బండ ఎక్కబోయింది. తోటిపిల్లలు ముందే పైకి వెళ్ళిపోయారు, ఎవరూ ఆగలేదు. సగంలో పడిపోయింది.

ఇప్పుడు దవాఖానలో ఉంది, తొడదాకా కట్టు. ఒక కాలికి ఎటూ బలం లేదు, రెండోది ఎంతవరకు నిలబెడుతుందో కట్టు విప్పాక గానీ చెప్పలేం అన్నాడు డాక్టరు. సాయిలు, మీరేం జేస్తరమ్మా, ఫికర్ జేయకుండ్రి అని నన్నే ఓదార్చాడు. తిట్టినా బాగుండేది. పోచమ్మ వస్తుంది, గిన్నెలు తోముతుంది, పిల్ల కూర్చునే గడప దాటుకుని వెళ్ళిపోతుంది.

స్కెచ్ పెన్నులు కొని పింకీ పుస్తకంలో నేనే కర్ర గీశాను. పాములా వచ్చింది. పింకీ చూసి, ఇది ఓదెలన్న ఏసింది గాదు అని పుస్తకం పక్కన పెట్టేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నా వంతయింది.

ఒక్కసారి రా తమ్ముడూ. దాని పుస్తకంలో కర్ర గీసివ్వు. కాలు నా చేతిలోనూ లేదు, నీ చేతిలోనూ లేదు. ఆ కర్ర పట్టుకోవడం సిగ్గు కాదని ఆ పిల్లకి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. ధైర్యం గురించి పది పేజీలు రాసినదాన్ని.

ఇట్లు,
నీ రాక కోసం కాచుకుని ఉన్న
అక్క

తా.క.: ఇది రాయకుండానే కవరు అంటించేద్దామనుకున్నాను. కర్ర తీయమని కంపెనీవాళ్ళు అనలేదు ఓదెలూ. ఆ బటర్ పేపర్లు ముందు నా దగ్గరికే వచ్చాయి. వెంకట్ ఫోను చేసి, బొమ్మలు కొంచెం డల్‌గా ఉన్నాయేమో ఆంటీ, ఓసారి చూడండి అన్నాడు, అంతే. రంగుల గురించే అన్నాడేమో కూడా, నేను అడగలేదు. యాభై రెండేళ్ళకి వస్తున్న మొదటి పుస్తకం, ఎక్కడ ఆగిపోతుందోనని భయపడ్డాను. పదింటి మీదా కర్ర చుట్టూ గీత గీసి, తీసేయాలి అని రాసింది నేనే. నువ్వు వెంకట్ మీదికి బయల్దేరితే మెట్లదాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళు అన్నాను కూడా. ఆ కాగితాల్లో ఒకటి ఇందులో పెడుతున్నాను, నా రాత నువ్వు గుర్తుపడతావు. ఇది చదివాక మా ఇంటికి రావద్దులే. తిన్నగా దవాఖానకే వెళ్ళు. పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం.