ఎండాకాలం మిషన్ కటింగ్

ఏప్రిల్ 27, ఆదివారం

అమ్మ కోడేరు నుంచి ఫోన్ చేసింది. మెర్సీకి తలనిండా చెమటకాయలంట, ఒకటే గోక్కుంటుందంట, మిషన్ కటింగ్ చేపిస్త అంది. వద్దన్నాను. పౌడర్ రాయమన్నాను. గింత పోరికి గంత జుట్టెందుకే అంది. కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను.

నా బిడ్డ జుట్టు నా ఇష్టం. నాలుగేళ్ల పిల్లను అమ్మ మీద వదిలి, గద్వాలలో విత్తనాల కంపెనీలో ప్యాకింగ్ చేసుకుంటున్నాను. ఈ మాట అనడానికి నాకేం మొహముందో.

ఏప్రిల్ 28, లంచ్ టైం

చిన్నప్పుడు ఎండలు ముదిరితే మా వాడ పిల్లలందరివీ ఒకటే రకం తలలు. కటింగ్ చేసే బాలస్వామి పెట్టె పట్టుకొచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. ఆడా మగా లేదు, అందరికీ మిషనే. ఆ చేతి మిషన్ కోసేది తక్కువ, పీకేది ఎక్కువ. ఏడిస్తే అవ్వ బెల్లం ముక్క నోట్లో పెట్టేది. తర్వాత ఒకరి తల ఒకరం రుద్దుకునేవాళ్లం. గరుకుగా, భలే ఉండేది.

దీపావళి అయ్యాక పుణె పనికి పోయిన అమ్మానాన్నలు ఆ ఎండల్లోనే తిరిగొచ్చేవాళ్లు. నాకు ఐదేళ్లప్పుడు అమ్మ లారీ దిగింది. పిల్లలమంతా చెడ్డీ బనీన్ల మీద వరసగా నిలబడ్డాం. అమ్మ నవ్వుకుంటూ ఉరికొచ్చి ఉదయ్ కిరణ్‌ని ఎత్తుకుంది. పక్కింటి పిల్లాణ్ని! నేను వాడి పక్కనే ఉన్నాను.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నా మొగుడు నవీన్‌కి కూడా.

మే 3

లీవు లేదు. వానాకాలం ప్యాకింగ్ అయ్యేదాకా ఎవ్వరికీ లేదంట.

మే 9

నవీన్ పుణె సైట్ నుంచి ఫోన్ చేశాడు. ఏం తిన్నవ్ అన్నాడు. చెప్పాను. మొగుడూ పెళ్లాలకు ఇంకో మాట దొరకలేదు.

వీడియో కాల్ చెయ్యమంటే అమ్మ సిగ్నల్ లేదంటోంది. సిగ్నల్ కాదు, కటింగ్ చేయించేసింది.

నా బాధ జుట్టు కోసం కాదు. బస్సు దిగి నేను వేరే పిల్లను ఎత్తుకుంటానేమోనని భయం.

మే 18, ఆదివారం

ఆదివారం ఒక్కరోజు సెలవు దొరికితే వనపర్తిలో బస్సు మారి కోడేరు వచ్చాను. వాడలో ఐదారు గుండ్లు ఆడుకుంటున్నాయి. మెర్సీని చూడగానే గుర్తుపట్టాను. ఏడుపొచ్చింది. పిలిస్తే అది ఉరికిపోయి అమ్మ కొంగు వెనక దాక్కుంది.

ఇక ఆగలేక పాతికేళ్ల మాట అడిగేశాను. నన్ను మర్చిపోయి పక్కింటోణ్ని ఎందుకు ఎత్తుకున్నవ్ అని. అమ్మ చేతిలో చాట పక్కన పెట్టింది. గుండ్లల్ల తెల్వక ఎత్తుకున్న బిడ్డా, ఎత్తుకోంగనే నువ్వు కాదని తెలిసింది, అంది. దించుదామంటే వాడు మెడ ఇడువలేదంట. ఆ ఏడు వాళ్లమ్మ జరమొచ్చి పుణెలోనే చనిపోయింది. అప్పటికి వాడికింకా తెలియదంట. గసుంటి పోరణ్ని ఎట్ల దించుదునే అంది. నువ్వు ఏడ్వకపోతివి, పిలువకపోతివి, తెలివైన పిల్ల, సమజ్ చేసుకున్నదనుకున్న, అంది.

నాకప్పుడు ఐదేళ్లు.

అమ్మ మీద కోపం పోయింది. బాధ పోలేదు.

మే 19, పొద్దున, బస్టాండ్‌లో

బయల్దేరేటప్పుడు మెర్సీ దగ్గరికొచ్చింది. జుట్టు మల్ల ఎప్పుడొస్తది అని అడిగింది. నేను మళ్లీ వచ్చేసరికి అన్నాను.

నువ్వెప్పుడొస్తవని అడగలేదు.