మగ్గం గుంటలో నీ పిల్లి

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇప్పుడు సిరిసిల్లలో మన వాడకట్టంతా కరెంటు మగ్గాల చప్పుడే. నేనూ వాటి మీదే పని చేస్తున్నాను. దినమంతా నిలబడి ఇంటికొచ్చేసరికి కాళ్లు నావి కానట్టే ఉంటాయి.

నీ మగ్గం విప్పి అటక మీద పెట్టాం. నువ్వు కాళ్లు దించి కూర్చునే గుంటను పూడ్చేద్దామని ఇవాళ పార తెచ్చాను. చూస్తే అందులో నీ పిల్లి పడుకుని ఉంది. గంజి పెట్టిన నూలును ఎలుకలు కొరుకుతున్నాయని నువ్వే తెచ్చావు కదా. ఇప్పుడు ఇంట్లో నూలూ లేదు, ఎలుకలూ లేవు. దానికి పళ్లు ఊడాయి, చూపూ ఆనడం లేదు.

మానేరు వాగు అవతల విడిచిపెడదామని దాన్ని సంచిలో వేశాను. సంచి మూతి కడుతుంటే అవ్వ చూసింది.

"ఏడికి తీస్కపోతున్నవ్ రా?"

"వాగవతల ఇడిసొస్త. ఇంక దానికి మనింట్ల ఏం పనున్నదవ్వా?"

అవ్వ కోప్పడలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూనే అంది.

"మీ బాపు రెండేండ్లు మంచంలనే ఉండె. గప్పుడు ఆయనకు మనింట్ల ఏం పనుండెరా?"

నేను సంచి మూతి విప్పాను. పిల్లి నేరుగా పోయి మళ్లీ గుంటలోకే దిగింది.

గుంట పూడ్చలేదు బాపూ. చలికి ఉంటుందని నీ పాత దుప్పటి అందులో పరిచాను. పడుకునే ముందు అది రెండు ముందుకాళ్లతో ఆ దుప్పటిని మార్చి మార్చి చాలాసేపు తొక్కింది, అచ్చం నువ్వు అక్కడ కూర్చుని మగ్గం తొక్కినట్టే.